కార్యాధారిత భాషాబోధనము – ఉపాధ్యాయ శిక్షణ (హైదరాబాదు పాతనగరము)

అన్యభాషను నేర్పునపుడు ఆ భాషయందలి వ్యాకరణసూత్రములను, వాక్యనిర్మాణములను, పదపట్టికలను ముందుగా వరుసపెట్టి బోధించి పిమ్మట వానికి ప్రయోగములను వెదకు ప్రాచీనమార్గమును విడిచి, పటమును చూచి త్రోవను నిర్ణయించుట, రైళ్ల వేళలపట్టికనుండి తగిన బండిని ఎంచుట, ఉన్న సొమ్ములో ఇంటికి సరకులు కొనుటకు లెక్క వేయుట మొదలగు పనులను విద్యార్థుల యెదుట ఉంచి, ఆ పనిని సాధించు ప్రయత్నములోనే భాష వారికి అలవడునట్లు చేయు పద్ధతికి కార్యాధారిత భాషాబోధనమని పేరు. ఇట్టి పనిని బోధకులు నిత్యవ్యవహారమున టాస్కు అనియే యందురు. టాస్కు నెరవేరినదా లేదా యనుటకు గీటురాయి దాని ఫలితము. వాక్యము ఎంత నిర్దుష్టముగా నున్నను, బండి తప్పిపోవునట్లు లెక్క కట్టిన విద్యార్థి సమాధానము తప్పే యగును.

ఈ పద్ధతిని పుస్తకమున చదివి గ్రహించుట సులభము, తరగతిలో నడుపుట కష్టము. పాఠ్యపుస్తకమును పుటవెంట పుటగా చెప్పుకొని పోవు ఉపాధ్యాయునకు ఆ గంటలో తాను పలుకవలసిన మాటలన్నియు ముందే తెలిసియుండును. టాస్కును నడపువానికి అట్టి భరోసా లేదు. విద్యార్థి ఆలోచన ఏ వైపునకు మొగ్గునో, ఏ మాటకై తడుముకొనునో, సమాధానమును ఏ భాషలో చెప్పునో ఎవరును ముందుగా ఊహింపజాలరు. ఊహింపజాలని ఆ స్థితిలో నిబ్బరముగా నిలిచి, పిల్లవాని ఆలోచనను పట్టుకొని, దానికి కావలసిన భాషను అప్పటికప్పుడు అందింపగలుగుట యే సూత్రముచేతను రాదు, అభ్యాసముచేతనే రావలయును. కావున ఈ పద్ధతి చరిత్ర యంతయు ఉపాధ్యాయ శిక్షణ చరిత్రతో పెనవేసికొని యున్నది. ఆ చరిత్రలో దక్షిణాపథమునకు, అందును హైదరాబాదు బెంగుళూరు నగరములకు, విశిష్టస్థానము కలదు.

హైదరాబాదున అన్యభాషల బోధన

మూసీనదికి దక్షిణమున, 1591లో నిర్మింపబడిన చార్మినారును నడుమ నుంచుకొని పెరిగిన పాతనగరము మొదటినుండియు బహుభాషల నిలయము. దక్కనీ ఉర్దూ అచ్చటి వీథిభాష. తెలుగు, మరాఠీ, కన్నడము, మార్వాడీ భాషలు అంగళ్లలో వినవచ్చుచుండును. బార్కస్ ప్రాంతమున, నిజాము సైన్యమున కొలువు చేయుటకు హద్రమౌత్ దేశమునుండి వచ్చిన అరబ్బుల సంతతివారు నేటికిని నివసించుచున్నారు. పత్తర్‌గట్టి అంగడిలో కూర్చున్న వర్తకుడు ఒక్క పూటలో మూడు నాలుగు భాషలలో బేరము నడుపుట అచ్చట వింత కాదు. అతడు ఆ భాషలను ఏ బడిలోను చదువలేదు. బేరము కుదుర్చుకొనవలసిన యవసరమే వానిని నేర్పినది. కార్యాధారిత బోధన ఏ సత్యముపై నిలిచియున్నదో ఆ సత్యమునకు పాతనగరపు బజారు చిరకాలపు నిదర్శనము.

బడిలోని భాష మాత్రము వేరొక మార్గమున నడచినది. మొదటి సాలార్ జంగు 19వ శతాబ్ది మధ్యమున దారుల్ ఉలూమ్ విద్యాలయమును స్థాపించినపుడును, ఆ శతాబ్ది చివరి పాదమున షిబ్లీగంజ్‌లో జామియా నిజామియా వెలసినపుడును, అరబ్బీ పారసీ భాషల బోధన శాస్త్రక్రమముననే సాగినది. విద్యార్థి మొదట సర్ఫ్ అను శబ్దరూపశాస్త్రమును, పిదప నహ్వ్ అను వాక్యశాస్త్రమును కంఠస్థము చేసి, ఆ పిమ్మటనే గ్రంథములను చేపట్టును. మన వీథిబడులలో శబ్దములు, అమరము వల్లించిన సంప్రదాయమునకును దీనికిని మిక్కిలి సన్నిహితమైన పోలిక కలదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొని, అంతకు ముందటి సంవత్సరమే అనువాదశాఖను నెలకొల్పి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినను, ఆంగ్లమును అందరును తప్పక చదువవలసిన పాఠ్యాంశముగా నిలిపినది. 1921లో మూసీ ఒడ్డున నూతనభవనమున ప్రవేశించిన సిటీ కళాశాలలోను ఆంగ్లము పాఠ్యగ్రంథ పఠనముగనే సాగినది. ధారణకు ప్రాధాన్యమిచ్చిన ఈ పరంపరను తేలికగా త్రోసివేయరాదు. పాతనగరమున నేడు భాష చెప్పు ఉపాధ్యాయులలో అనేకులు ఇందుండి వచ్చినవారే. వారి విద్యావిశ్వాసములు ఇందే రూపొందినవి. శిక్షకుడు ఈ విషయమును మరచి పని ఆరంభించినచో, చెప్పినదెల్ల తలయూచి విని, బడికి పోయి పూర్వపు రీతినే పాఠము చెప్పు శిష్యులు మాత్రమే అతనికి మిగులుదురు.

1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషా సంస్థ ఏర్పడుటతో అన్యభాషా ఉపాధ్యాయ శిక్షణ ఒక శాస్త్రముగా ఈ నగరమున పాదుకొనినది. భారతప్రభుత్వము నెలకొల్పిన యీ సంస్థకు ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ తోడ్పడినవి. తరువాతి కాలమున జ్ఞానపీఠ పురస్కారమును పొందిన కన్నడకవి వినాయక కృష్ణ గోకాక్ తొలిదినములలో దీనికి సంచాలకులుగా నుండిరి. నాడు దేశమంతట ప్రబలముగా నున్నది నిర్మాణపద్ధతి. వాక్యనిర్మాణములను సులభమైన వానినుండి కఠినమైన వానివరకు శ్రేణిగా ఏర్పరచి, ఒక్కొక్కదానిని సందర్భసహితముగా చూపి, పదేపదే పలికించి స్థిరపరచుట దాని లక్షణము. మద్రాసు రాష్ట్రమున 1950ల చివర ఆ పద్ధతిని వేలకొలది ప్రాథమికోపాధ్యాయులకు అందించుటకు గొప్ప ఉద్యమమే జరిగినది: కొందరికి శిక్షణ నిచ్చుట, వారు మరికొందరికి, వారు ఇంకను కొందరికి నేర్పుట. హైదరాబాదు సంస్థలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులును నల్లబల్లపై పట్టిక గీసి, అందలి పదములను మార్చి మార్చి వాక్యములు పలికించు విద్యలో ఆరితేరిరి. అట్టి శిక్షణలో ఒక గొప్ప సుగుణమున్నది: పాఠము ప్రతి యడుగును ముందే నిర్ణయింపబడియుండుటచే, ఆంగ్లమున అంతగా ధైర్యము లేని ఉపాధ్యాయుడును దానిని నడపగలిగెడివాడు.

ఆ సంస్థ జర్మన్, రష్యన్, ఫ్రెంచి భాషలను చేర్చుకొని 1972లో కేంద్రీయ ఆంగ్ల, విదేశీభాషా సంస్థగా మారి, 1973లో విశ్వవిద్యాలయ సమానప్రతిపత్తిని పొంది, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము, అనగా జనులు ఇఫ్లూ అని పిలుచు కేంద్రీయ విశ్వవిద్యాలయము, అయినది. షిల్లాంగులోను లక్నోలోను దీనికి శాఖలున్నవి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశముల ఉపాధ్యాయులు భారతప్రభుత్వపు సాంకేతిక, ఆర్థిక సహకార పథకము క్రింద తార్నాకలోని దీని ఆవరణమునకు వచ్చి ఆంగ్లబోధనమున తర్ఫీదు పొందుచుందురు. ప్రతి జిల్లాలోని ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు పునశ్చరణ శిక్షణ నిచ్చుటకై 1985లో ఆరంభమైన జిల్లా కేంద్రముల పథకమునకును ఈ సంస్థయే మూలస్థానము.

బెంగుళూరు ప్రయోగము

నిర్మాణపద్ధతిచే ఇరువది సంవత్సరములు బోధించిన పిమ్మట, విద్యార్థులు తరగతిలో నిర్దుష్టముగా పలికిన వాక్యములను వెలుపల అవసరము వచ్చినపుడు పలుకలేకపోవుటను గమనించి, దాని మూలమునే ప్రశ్నించినవారు ఎన్.ఎస్. ప్రభు. వీరు మద్రాసులోని బ్రిటిష్ కౌన్సిల్‌లో ఆంగ్లబోధనకు సంబంధించిన అధికారిగా పనిచేయుచుండిరి. 1963లో దక్షిణ రాష్ట్రముల ఉపాధ్యాయుల కొరకు బెంగుళూరున ఏర్పడిన ప్రాంతీయ ఆంగ్లభాషా సంస్థ సహకారముతో, 1979నుండి 1984వరకు వీరు నడపిన ప్రయోగము బెంగుళూరు ప్రాజెక్టు అను పేర లోకమున ప్రసిద్ధమైనది. బెంగుళూరు, మద్రాసు, కడలూరు, తలశ్శేరి మొదలగు చోట్ల సామాన్యమైన పాఠశాలలలో, కిక్కిరిసిన తరగతులలో, మాతృభాషా మాధ్యమమున చదువుకొను పిల్లల నడుమ ఈ ప్రయోగము జరిగినది. పాశ్చాత్యదేశములలో పదిమంది వయోజనులు గుండ్రముగా కూర్చున్న గదులలో పుట్టిన సిద్ధాంతమును మనకు తెచ్చి అంటించుట ఇందు లేదు. మన బడిలో పుట్టిన ఆలోచనయే తరువాత సముద్రములు దాటినది.

ప్రభు వాదము సంక్షేపముగా నిది: మనస్సు అర్థమునందు నిమగ్నమైయున్నపుడు వ్యాకరణము తనంత తాను అంతరంగమున ఏర్పడును, కావున ముందుగా నిర్ణయించిన భాషాంశముల పట్టిక అక్కరలేదు, ఆలోచింపజేయు పనుల పరంపర చాలును. ఆ పనులను ఆయన మూడు తెగలుగా విభజించిరి. ఒకరి యొద్దనున్న సమాచారమును మరియొకరు రాబట్టునవి మొదటివి, ఉన్న సమాచారమునుండి తర్కముచే క్రొత్త విషయమును తేల్చునవి రెండవవి, సొంత అభిప్రాయమును ప్రకటించునవి మూడవవి. వీనిలో తర్కప్రధానమైన రెండవ తెగ పనులే మన తరగతులకు ఎక్కువ తగినవని వారు గ్రహించిరి. ప్రతి పాఠమునందు మొదట ఉపాధ్యాయుడు తరగతి యంతటితో కలిసి ఒక పనిని ప్రశ్నోత్తరములచే నడపును. పిమ్మట అట్టిదే వేరొక పనిని విద్యార్థులు ఎవరికి వారు చేయుదురు. తరగతిలో దాదాపు సగముమంది ఆ పనిలో సగమైనను సరిగా చేయగలిగినచో అది తగిన కాఠిన్యము గలదని, అంతకు తక్కువైనచో మరుసటి పాఠమును తేలిక చేయవలెనని వారు ఒక కొలత నేర్పరచిరి. నలుబది మంది గల తరగతిలో ఇరువది మందియైనను సగము పని సరిగా చేసిరేమో కాగితములలో చూచిన చాలును, ఉపాధ్యాయుడు రేపటి పాఠమును నిర్ణయించుకొనవచ్చును. ఇంత సులభముగా చేతికి వచ్చు కొలత బోధనశాస్త్రమున అరుదు; శిక్షణతరగతులలో దీనిని చెప్పక విడుచుట ఎందులకో తెలియదు.

1985లో అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ అను పండితులు ఈ ప్రయోగఫలితములను పరీక్షించి, నిర్మాణముల పరీక్షలో పూర్వపద్ధతి విద్యార్థులును, అర్థప్రధానమైన పరీక్షలలో ప్రాజెక్టు విద్యార్థులును సాధారణముగా మెరుగుగా నుండిరని, ప్రభు వాదమునకు కొంత బలము చేకూరినదని తేల్చిరి. అయితే శిక్షణ దృష్ట్యా అంతకంటె ముఖ్యమైనది బెరెట్టా 1990లో ప్రకటించిన మరియొక పరిశీలనము. ప్రాజెక్టులో పాఠములు చెప్పిన పదునైదుగురు ఉపాధ్యాయుల అనుభవకథనములను సేకరించి, వారు ఈ పద్ధతిని ఎంతవరకు వంటబట్టించుకొనిరో మూడు అంతరువులుగా విభజించి చూడగా, శిక్షణసంస్థలనుండి వచ్చిన ప్రవీణులు పై అంతరువులకు చేరిరి. ఆయా బడులలో నిత్యము పాఠము చెప్పు సామాన్యోపాధ్యాయులు ఎక్కువగా మొదటి మెట్టుననే నిలిచిరి. తరగతిలో తడుముకొనక ఆంగ్లమున మాటలాడవలసి వచ్చుట, ప్రశ్నపై ప్రశ్నను అప్పటికప్పుడు కల్పింపవలసి వచ్చుట వారికి పెనుభారమైనవి. విద్యార్థులకు మేలైన పద్ధతి యైనను, ఉపాధ్యాయునకు దానిని మోయు శక్తి నీయనిచో అది ప్రయోగశాలను దాటి రాదని ఈ పరిశీలనము చెప్పుచున్నది.

ప్రభు తమ సిద్ధాంతమును 1987లో ఒక గ్రంథముగా వెలువరించి, 1990లో ఒక వ్యాసమున, సర్వోత్తమ పద్ధతి యనునది ఏదియు లేదని, ఉపాధ్యాయుడు తాను చేయుచున్న పని ఎట్లు విద్యగా పరిణమించునో తనలో తాను నమ్మియుండుటయే బోధనకు ప్రాణమని వాదించిరి. ఆ నమ్మకము లేక యాంత్రికముగా నడపబడు పద్ధతి ఏదైనను నిష్ఫలమే. తన పేర ఒక పద్ధతి లోకమున వెలసిన పిమ్మట, పద్ధతికంటె ఉపాధ్యాయుని అంతర్విశ్వాసమే గొప్పదని పలికిన పండితుని నిజాయతీ శ్లాఘనీయము.

ప్రపంచవ్యాప్తి

బెంగుళూరు ప్రయోగానంతరము ఈ భావము అనేక దేశముల వ్యాపించినది. మైకేల్ లాంగ్ 1985నుండి, వలస వచ్చిన కార్మికుడు మొదలుకొని నర్సు వరకు ఎవరి జీవితమున ఏ పనులున్నవో వానినే పాఠములుగా చేయవలెనని ప్రతిపాదించెను. 1996లో జేన్ విల్లిస్ పూర్వరంగము, పనిచక్రము, భాషాపరిశీలనము అను మూడు ఘట్టముల చట్రము నిచ్చి, పని ముగిసిన పిమ్మట అందు వాడిన భాషను పరిశీలించుటకు చోటు కల్పించినది. ఉపాధ్యాయ శిక్షణగ్రంథములలో మిక్కిలి ప్రచారమునకు వచ్చినది ఈ చట్రమే. పీటర్ స్కెహాన్, రాడ్ ఎల్లిస్ మొదలగువారు మనశ్శాస్త్రదృష్టితో దీనిని పరిశోధించిరి. 2001లో వెలువడిన ఐరోపా భాషాప్రమాణచట్రము భాషాధ్యేతను సమాజమున పనులు నెరవేర్చు వ్యక్తిగా భావించుటతో, జర్మన్, ఫ్రెంచి, స్పానిషు పాఠ్యపుస్తకములలో అనేకము ఈ త్రోవకు మరలినవి. బెల్జియమునందలి ఫ్లాండర్స్‌లో వలసకుటుంబముల పిల్లలకు డచ్చిభాష నేర్పుటకై దీనిని ఆ ప్రాంతమంతట అమలుపరచినపుడు, శిక్షకులు బడులకే పోయి ఉపాధ్యాయుల ప్రక్కన నిలిచి తోడ్పడిరి. పాతనగరమున అనుసరింపదగినది ఈ మార్గమే.

శిక్షణ జరుగవలసిన తీరు

ఉపన్యాసముచే టాస్కును గూర్చి నేర్పుట సాధ్యము కాదని శిక్షకులెల్లరు ఒప్పుకొందురు. ఒప్పుకొనియు ఉపన్యాసమే ఇచ్చువారు ఎక్కువ. మేలైన శిక్షణ మొదట ఉపాధ్యాయుని విద్యార్థిగా కూర్చుండబెట్టును. అతనికి బొత్తిగా తెలియని భాషలో, అనగా ఉర్దూ ఉపాధ్యాయినికి ఫ్రెంచిలోనో, తెలుగు ఉపాధ్యాయునికి జర్మనులోనో, ఒక వేళలపట్టికను గాని ఒక పటమును గాని ఇచ్చి, మాతృభాషలో వివరణ లేకయే పని చేయింతురు. ఒక అరగంట గడచునప్పటికి వారు, ఒక్క నియమమైనను వినకయే, ఆ భాషలో సంఖ్యలను, దిక్కులను, కొన్ని ప్రశ్నలను గ్రహించియుందురు; అదే సమయమున అర్థము కాని భాష నడుమ కూర్చున్న పిల్లవాని భయమును కూడ అనుభవించియుందురు. ఆ పిమ్మట చర్చ. మనకు ఏది తోడ్పడినది? శిక్షకుడు ఎచ్చట ఆగెను? ఏ మాటను బల్లపై వ్రాసెను? ఇట్లు నేర్పదలచిన పద్ధతియందే శిక్షణ నడచుట ఉత్తమము.

పాతనగరమునకు తగిన టాస్కునకు ఒక ఉదాహరణము. ఫలక్‌నుమా, సికింద్రాబాదుల నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడచుచున్నవి. అభ్యాసార్థము కల్పించిన ఒక పట్టికలో సికింద్రాబాదునుండి 4-50కి, 5-25కి, 6-10కి బయలుదేరు మూడు బండ్లున్నవి. ప్రయాణమునకు ముప్పావు గంట పట్టును. రంజాన్ మాసము, ఆనాడు ఇఫ్తారు 6-45కి. ఫలక్‌నుమా స్టేషనునుండి ఇంటికి ఇరువది నిమిషముల నడక. ఇఫ్తారునకు ముందే ఇల్లు చేరవలసిన సలీం అనువాడు ఏ బండి ఎక్కవలెను? కడపటి బండి 6-55కి గాని చేరదు గనుక పనికిరాదని తరగతి త్వరలోనే తేల్చును. 5-25 బండి ఎక్కినచో 6-10కి స్టేషను, 6-30కి ఇల్లు. ఇప్పుడు ఉపాధ్యాయిని ఒక మాట చేర్చును: స్టేషను బయట అతడు పండ్లు కొనవలెను, దానికి పది నిమిషములు. 6-40కి ఇల్లు చేరును, పరవాలేదు. ఇరువది నిమిషములైనచో? అప్పుడు 6-50 అగును, ఉపవాసము విడుచు వేళ దాటిపోవును. 4-50 బండినైనను ఎక్కవలెను, లేదా పండ్లను సికింద్రాబాదుననే కొనవలెను. ఇచ్చట తరగతిలో వాదము పుట్టును. రంజాన్ నాళ్లలో సాయంకాలపు రద్దీని ఎరిగిన పిల్లలు గనుక ఆ వాదము నిజమైనది.

ఈ ఘట్టముననే ఉపాధ్యాయిని నేర్పు బయటపడవలెను. వెనుక వరుసలోని పిల్లవాడు, “టీచర్, ఫల్ ఉధర్‌చ్ లే లేనా,” (పండ్లు అక్కడే కొనవలెను) అని దక్కనీలో అనును. శిక్షణ లేనివారు “ఇంగ్లీషులో చెప్పు” అని గద్దించి వానిని కూర్చుండబెట్టుదురు. వాడు ఆ యేడంతయు మరి నోరు మెదపడు. శిక్షణ పొందిన ఉపాధ్యాయిని వాని ఆలోచన సరియైనదని స్వీకరించి, అదే భావమును చిన్న ఆంగ్లవాక్యముగా తాను పలికి, అందుపై మరియొక ప్రశ్న వేసి, ఆ వాక్యమును బల్లపై వ్రాయును. మూడవ దినమున ఆ వాక్యము వాని నోటనే వచ్చుట కలదు. దోషమును పాఠముగా చేసి సాగదీయక, మాటవెంట మాటగా సవరించి ముందునకు సాగుటయే ప్రభు తరగతులలో పాటింపబడిన రీతి. శిక్షణలో ఎక్కువ గంటలు దీని అభ్యాసమునకే కేటాయింపవలెనని మా దృఢాభిప్రాయము. టాస్కులు కల్పించుట కంటె ఇది కష్టమైనది. కల్పించిన టాస్కులు నలుగురు పంచుకొనవచ్చును, ఈ నేర్పును ఎవరికి వారే సంపాదింపవలెను. నలుగురు ఉపాధ్యాయులు ఒక జట్టుగా ఏర్పడి, ఒకరి పాఠమును మరియొకరు చూచి, ఏ ప్రశ్నకు ఏ సమాధానము వచ్చినదో మాట మాటకు వ్రాసికొని సాయంకాలము చదువుకొనుట ఇందులకు మిక్కిలి తోడ్పడును.

పాతనగరపు బడులు

శిక్షణ ఎవరికి అందుచున్నది? 21వ శతాబ్ది తొలి దశకమున జేమ్స్ టూలీ, పాలిన్ డిక్సన్ అను బ్రిటిషు పరిశోధకులు చార్మినారు, బహదూర్‌పురా, బండ్లగూడ మండలములలో వీథివీథి తిరిగి లెక్కింపగా 918 పాఠశాలలు కనబడినవి. వానిలో దాదాపు 60 శాతము ప్రభుత్వసహాయము లేని ప్రైవేటు బడులు, వానిలోను అనేకమునకు గుర్తింపే లేదు. సందులలో రెండంతస్తుల ఇండ్లలో నడచు ఈ బడులు తక్కువ రుసుముపై ఆంగ్లమాధ్యమమును వాగ్దానము చేయుచున్నవి. వానిలో పాఠము చెప్పువారు ఎక్కువగా ఆ పేటలలోని యువతులే. ఇంటరో డిగ్రీయో ముగించి, స్వల్పవేతనమునకు పనిచేయుచు, తాము కంఠస్థము చేసి నేర్చిన ఆంగ్లమును అట్లే అప్పగించుచున్నారు. ప్రభుత్వశిక్షణలు ముఖ్యముగా ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల కొరకు ఏర్పడినవి. ఉమ్మడి రాష్ట్రమున 2011 విద్యాప్రణాళికా చట్రము ననుసరించి వచ్చిన ఆంగ్లవాచకములు సంభాషణకు, కథనిర్మాణమునకు చోటిచ్చినవి. 2022–23నుండి తెలంగాణ ప్రభుత్వబడులలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ఆయా సందర్భములలో శిక్షణలును జరిగినవి. సందులోని ప్రైవేటు బడి ఉపాధ్యాయిని మాత్రము వీని కన్నింటికిని వెలుపలనే నిలిచియున్నది. పాతనగరమున పిల్లలలో అధికభాగమునకు ఆంగ్లము నేర్పుచున్నది ఆమెయే.

ఆమెకు దొరకు సమయము తక్కువ. ఇంటిపనియు, ట్యూషన్లును ఉండును. తార్నాక దాక పోయి దీర్ఘకాల శిక్షణలో చేరుట ఆమెకు సాధ్యము కాదు. శిక్షకుడే ఆమె బడికి వచ్చి, నెలకు కొన్ని పాఠములు ఆమెతో కలిసి చెప్పవలెను. ఆంగ్లమున ఆమె జంకును పోగొట్టుట అందు మొదటి భాగము కావలెను; భాషాజ్ఞానమును వేరుగా, బోధనశిక్షణను వేరుగా నడుపక, రైళ్లపట్టిక వంటి టాస్కులలో ఆమె వాడవలసిన ప్రశ్నలనే ఆమెకు భాషాభ్యాసముగా ఇచ్చినచో, ఒక్క శ్రమతో రెండు ప్రయోజనములు సిద్ధించును.

ఇతర భాషలు

విదేశీభాషలలో జర్మను ఉపాధ్యాయుల శిక్షణ క్రమబద్ధముగా నున్నది. గ్యోతే సంస్థ రూపొందించిన శిక్షణగ్రంథమాలలో పనులు, అభ్యాసములు అను విషయమునకు ఒక సంపుటమే కేటాయింపబడినది. ఉపాధ్యాయులు జంటలుగా ఏర్పడి, తమ తరగతిలోని ఒక చిన్న ప్రశ్నను ఎన్నుకొని, పరిశీలించి, ఫలితమును నివేదించుట అందు ముఖ్యాంగము. ఫ్రెంచికిని ఇట్టి ఏర్పాట్లు కలవు. అరబ్బీ విషయమున పాతనగరమున అవసరమునకును బోధనకును నడుమ దూరము ఎక్కువగా నున్నది. గల్ఫు దేశములకు పోవు కార్మికుడు, నగరమునందలి ఆస్పత్రులకు వచ్చు అరబ్బు రోగులకు దుబాసీగా పనిచేయు యువకుడు, ధర్మగ్రంథాధ్యయనము చేయు విద్యార్థి ముగ్గురును ఒకే వ్యాకరణమార్గమున నడపబడుచున్నారు. మూడవవానికి ఆ మార్గము తగినదే. మొదటి ఇద్దరికి వైద్యుని చీటీ చదివి చెప్పుట, ఒప్పందపత్రమునందలి వేతనపు షరతును గ్రహించుట, టెలిఫోనులో సమయము కుదుర్చుకొనుట అను పనులే పాఠములు కావలెను. లాంగ్ చెప్పిన సూత్రమునకు ఇంతకంటె తగిన క్షేత్రము లేదు.

తెలుగును కూడ ఇచ్చట చేర్చవలెను. 2018 చట్టముచే తెలంగాణలోని పాఠశాలలన్నిటను తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉర్దూ మాతృభాషగా గల పాతనగరపు బాలునకు తెలుగు విదేశీభాష కాదు, వీథిలో విన్న భాషయే. కాని వానికి బడిలో తెలుగు చెప్పువారు తెలుగింటి పిల్లలకు చెప్పు రీతిని పద్యమును, ఛందస్సును, సంధులను ముందు నిలుపుదురు. బస్సుపై వ్రాసిన ఊరి పేరు చదువుట, రేషను దుకాణపు బల్లమీది ప్రకటనను గ్రహించుట, తహసీలుదారు కార్యాలయమున అర్జీ నింపుట వంటి పనులతో ఆరంభించినచో, ఆ బాలుడు సంవత్సరములోపల తన యింటివారికి ఉపయోగపడు తెలుగు నేర్వగలడు. పద్యము పిమ్మట వచ్చును. తెలుగును ద్వితీయభాషగా నేర్పు ఉపాధ్యాయులకు ఈ మార్గమున ప్రత్యేకశిక్షణ అత్యావశ్యకము.

విమర్శలు, పరీక్షలు

కార్యాధారిత బోధనపై బలమైన విమర్శలు లేకపోలేదు. 2005లో మైకేల్ స్వాన్, భాష వినుటకు మాటలాడుటకు అవకాశములు తక్కువగా నున్న దేశములలో వారమునకు కొన్ని గంటలే దొరకు తరగతికి ఈ పద్ధతి చాలదని, క్రొత్త భాషాంశములను సూటిగా నేర్పుట తప్పదని వాదించెను. ఇందు సత్యము కలదు. పాతనగరపు బాలికకు బడి దాటిన పిమ్మట ఆంగ్లము చెవిని పడుట అరుదు. కాని వారమునకు దొరకు ఆ కొన్ని గంటలను నియమములు వ్రాయించుటకే వెచ్చించినచో ఆమెకు ఆంగ్లమున ఆలోచించు అవకాశము ఎన్నటికిని కలుగదు. టాస్కు ముగిసిన పిమ్మట అందు వచ్చిన రెండు మూడు రూపములను స్పష్టముగా చెప్పి వ్రాయించుట మధ్యేమార్గము. విల్లిస్ చట్రము ఇందులకు అనుకూలించును, ధారణశక్తిని గౌరవించు మన సంప్రదాయమును తృప్తిపరచును.

పెద్ద అడ్డంకి పరీక్ష. 1990లలో కేంద్ర మాధ్యమిక విద్యామండలి కార్యప్రధానమైన క్రొత్త ఆంగ్లపాఠ్యక్రమమును ప్రవేశపెట్టినపుడు, దాని అమలును హైదరాబాదు సంస్థ 1993నుండి 1997వరకు, రమా మాథ్యూ నాయకత్వమున, ఉపాధ్యాయులనే సహపరిశోధకులుగా చేసికొని పరిశీలించినది. ఉపాధ్యాయుడు తన తరగతిని తానే పరిశీలించుట శిక్షణగా పరిణమించునని ఈ కార్యము నిరూపించినది. అయినను పదవతరగతి ప్రశ్నపత్రము కంఠస్థమైన సమాధానమునకు మార్కులిచ్చినంతకాలము, తల్లిదండ్రులు ఉపాధ్యాయిని నుండి గైడుపుస్తకపు సమాధానములనే కోరుదురు; రైళ్లపట్టికతో గడపిన గంటను వృథాకాలమని భావింతురు. కావున శిక్షణలో ప్రశ్నపత్రరచనకును చోటుండవలెను. బడి తానే నడపు పరీక్షయందు పదిమార్కులకైనను చూడని పట్టికనో చూడని పటమునో ఇచ్చి ఆలోచింపజేయు ప్రశ్న నొకదానిని ఉంచుట బడి ప్రధానోపాధ్యాయుని చేతిలోని పని. దానికి పై అనుమతులు అక్కరలేదు. అట్టి ప్రశ్న ఒకటి వచ్చునని తెలిసిన యేడు, తరగతిలో టాస్కు నడపుటకు ఉపాధ్యాయినికి ఎవరికిని సంజాయిషీ చెప్పవలసిన యవసరముండదు.